నీరు ముందు, ఊరు తరువాత: పంజాబు కాలువ కాలనీలలో వ్యవసాయ పరివర్తన (1886–1947)

ఉపోద్ఘాతం

ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట 1852లో పూర్తయ్యేనాటికి ఆ డెల్టాలో ఊళ్లున్నాయి, రైతులున్నారు, కరణాలున్నారు, శిస్తు లెక్కలున్నాయి, కరవుల జ్ఞాపకాలూ ఉన్నాయి. కాలువ వచ్చి ఆ ఊళ్లను చేరింది. నాలుగు దశాబ్దాల తరువాత పశ్చిమ పంజాబులో జరిగినది ఇందుకు పూర్తిగా తలకిందులు. అక్కడ చీనాబ్ నది నీటిని ముందుగా సేద్యమెరుగని మెట్టలోకి మళ్లించారు. ఆ కాలువల వెంబడి ఊళ్లను నక్షా మీద గీశారు. ఆ తరువాతనే ఊళ్లలో ఉండవలసిన మనుషులను వేరే జిల్లాల నుంచి ఎంపిక చేసి రప్పించారు. ఇలా ఏర్పడిన ప్రాంతాలకు 'కాలువ కాలనీలు' అని పేరు వచ్చింది.

చరిత్రకారుడు ఇమ్రాన్ అలీ లెక్క ప్రకారం, 1885లో 30 లక్షల ఎకరాలకు లోపుగా ఉన్న పంజాబు కాలువ సేద్యం బ్రిటిషు పాలన ముగిసేనాటికి సుమారు 1 కోటీ 40 లక్షల ఎకరాలకు పెరిగింది. ఇంతటి విస్తరణను సాధారణంగా ఇంజనీర్ల విజయంగానో, గోధుమ ఎగుమతుల కథగానో చెప్పడం పరిపాటి. ఆ రెండూ అబద్ధం కావు. అయితే అక్కడి సేద్యాన్ని మార్చినది నీరు అందుబాటులోకి రావడమొక్కటే కాదు. ఆ నీటిని ఎంత ఇచ్చారు, ఏ కొలతతో ఇచ్చారు, ఏ షరతులకు లోబడిన వాడికి ఇచ్చారు అన్నవి అంతకన్నా లోతైన మార్పును తెచ్చాయి. వలస వచ్చిన రైతు చేతికి పొలం వచ్చింది గాని, ఆ పొలం ఎవరిదన్న ప్రశ్న చాలాకాలం తేలలేదు.

బార్ భూములు

పంజాబులో రెండు నదుల నడిమి భూమిని దోఆబ్ అంటారు. నది అంచులలోని పల్లపు నేలకు వరద నీరో, రహట్ అనే గిలకల చక్రంతో తోడిన బావి నీరో అందేది. దోఆబ్ మధ్యన ఎత్తుగా ఉండే మెట్టకు 'బార్' అని పేరు. చీనాబ్, రావి నదుల మధ్య సాందల్ బార్, ఇంకా దక్షిణాన గంజీ బార్, నీలీ బార్. వాన తక్కువ, నైరుతిగా పోయేకొద్దీ మరీ తక్కువ. భూగర్భజలం చాలా లోతున ఉండడం వల్ల బావి తవ్వి సేద్యం చేయడం గిట్టుబాటు కాదు. జండ్, కరీర్, వాన్ వంటి పొదలూ చెట్లూ, వాన పడితే పచ్చిక. అంతకుమించి ఏమీ లేదని రెవెన్యూ అధికారులు రాసుకున్నారు.

ఆ రాతలలో 'బంజరు' అన్న మాట తరచుగా కనిపిస్తుంది. అది నిజానికి వ్యవసాయ శిస్తు రాని భూమి అని మాత్రమే అర్థం. ఖరల్, కాఠియా, వట్టూ, సియాల్, బలోచ్ తెగల పశుపాలకులు తరతరాలుగా ఒంటెలతో, ఆలమందలతో ఆ మెట్టలో తిరిగేవారు. 'తిర్నీ' అనే పుల్లరి కూడా చెల్లించేవారు. 1857లో రాయ్ అహ్మద్ ఖాన్ ఖరల్ నాయకత్వంలో గుగేరా ప్రాంతంలో తిరగబడినది వీరే. కొత్తగా వచ్చిన వారు వీరిని 'జాంగ్లీలు' అన్నారు. ప్రభుత్వ పత్రాలలోకీ ఆ పేరే ఎక్కింది. మేతభూమి పోయిన వీరిలో కొందరికి కాలనీలో భూములు దక్కాయి. తక్కినవారు తమ పూర్వపు మేత బీళ్లలోనే ఇతరుల పొలాల్లో కౌలుదారులుగా, కూలీలుగా కుదురుకోవలసి వచ్చింది. నీటి రాకతో వ్యవసాయం మారిందనేకన్నా, పశుపాలన స్థానంలోకి వ్యవసాయం వచ్చిందని చెప్పడమే ఇక్కడ సరైనది.

తొలి ప్రయత్నాలు చిన్నవి. 1886లో ముల్తాను జిల్లాలో సిధ్నాయి కాలనీ మొదలైంది. చీనాబ్‌పై 1887లో తెరిచిన కాలువ నదిలో వరద ఉన్నప్పుడే పారేది కాబట్టి అది ఫలించలేదు. ఖాన్‌కీ వద్ద నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, 1892లో దానిని ఏడాది పొడవునా పారే కాలువగా మార్చిన తరువాతనే అసలు కథ నడిచింది. దిగువ చీనాబ్ కాలువ కింద ఏర్పడిన చీనాబ్ కాలనీ జనాభా 1901 లెక్కల నాటికి సుమారు 7,90,000. దాని కేంద్రానికి లెఫ్టినెంట్ గవర్నరు జేమ్స్ లయల్ పేరిట లయల్‌పూర్ అని పేరుపెట్టారు. గడియార స్తంభం నుంచి ఎనిమిది వైపులకు ఎనిమిది బజార్లు చీలిన ఆ పట్టణమే నేటి ఫైసలాబాద్.

కొలిచిన భూమి, కొలిచిన నీరు

కాలనీలోని ఊరికి సొంత పేరు లేదు. 'చక్' అన్న మాట, ఒక అంకె, ఏ కాలువ శాఖ కింద ఉన్నదో తెలిపే రెండు అక్షరాలు, అంతే. 1907లో భగత్‌సింగ్ పుట్టిన ఊరు 'చక్ 105 జీబీ'. జీబీ అంటే గుగేరా బ్రాంచి. పూర్వీకుల ఊరు జలంధర్ జిల్లాలోని ఖట్కర్ కలాన్. అంటే ఆ కుటుంబం కూడా ఈ వలసలో భాగమే. ఊరి పేరులోనే తూము చిరునామా ఉండడం ఈ కాలనీల స్వభావాన్ని చక్కగా పట్టిస్తుంది.

భూమిని 1,100 అడుగుల భుజం గల చతురస్రాలుగా కొలిచారు. ఒక్కొక్కటి 27.78 ఎకరాలు. దీనిని 'మురబ్బా' అన్నారు. మురబ్బాను మళ్లీ 25 సమాన భాగాలుగా, 'కిల్లా'లుగా విడగొట్టారు. వలస వచ్చిన రైతుల స్వస్థలాలైన అంబాలా, లుధియానా, జలంధర్, హోషియార్‌పూర్, అమృత్‌సర్, గురుదాస్‌పూర్, సియాల్‌కోట్ జిల్లాలలో కమతమంటే ఊరు చుట్టూ అక్కడక్కడ చెదిరిన చిన్నచిన్న ముక్కలు. తాత పంచితే తండ్రికి, తండ్రి పంచితే కొడుకుకు వచ్చినవి. ఇక్కడ కమతం ఒకే చోట, గీత గీసినట్టు ఉంది. గట్టు తగాదాకు ఆస్కారం తగ్గింది. నాగలి సాలు పొడవైంది. పొలానికీ పొలానికీ నడిచే పొద్దు మిగిలింది.

ఎడ్ల పని మారిన తీరు ఇంకా ముఖ్యమైనది. జలంధర్ వంటి జిల్లాలలో ఎడ్ల బలంలో పెద్ద వంతు బావి చుట్టూ తిరగడానికే ఖర్చయ్యేది. కాలనీలో నీరు వాలు మీద తనంతట పారివస్తుంది. బావి నుంచి విడుదలైన ఎడ్లు దున్నడానికి, బండి కట్టి మార్కెట్టుకు ధాన్యం తోలడానికి అక్కరకొచ్చాయి. అయితే బావి రైతు చేతిలోనిది, కావలసిననాడు తోడుకొనేవాడు. కాలువ అతని చేతిలోనిది కాదు.

పిల్ల కాలువ నుంచి ఊరి బోదెలోకి నీరు వదిలే తూమును 'మోఘా' అంటారు. దాని పరిమాణాన్ని ఇంజనీరు నిర్ణయిస్తాడు. అక్కడినుంచి ఆవల బోదె తవ్వకం, పూడికతీత రైతుల బాధ్యత. ఒక మోఘా కింది రైతుల మధ్య నీటిని గడియల లెక్కన పంచే పద్ధతి 'వారబందీ'. సాధారణంగా వారానికొకసారి వంతు వస్తుంది; ఎంత భూమికి అన్ని గంటలు. వంతు అర్ధరాత్రి పడితే అర్ధరాత్రే పారతో పోయి గండి కొట్టాలి. ఆ సమయానికి కాలువలో నీరు తక్కువగా వచ్చినా, పోయిన గంటలు తిరిగి రావు. మొదట్లో వంతులను రైతులే తమలో తాము కుదుర్చుకొనేవారు. తగవులు పెరిగిన చోట కాలువ శాఖ లిఖితపూర్వకంగా నిర్ణయించి ఇచ్చేది. కాకతీయుల నాటి చెరువుల కింద వంతులెరిగిన తెలుగు పాఠకుడికి ఈ ఏర్పాటు వింతగా తోచదు. ఒక తేడా ఉంది: చెరువు నిండిందా లేదా అన్నది ఊరికి కంటిముందే కనిపిస్తుంది. కాలువ తల ఎక్కడో వంద మైళ్ల ఆవల ఉంటుంది.

ఇక్కడే అసలు కీలకం ఉంది. కమతమంతటికీ ఏడాది పొడవునా సరిపోయే నీరు ఇవ్వాలన్నది ఈ కాలువల రూపకల్పనలో ఉద్దేశమే కాదు. ఉన్న నీటిని వీలైనంత ఎక్కువ భూమి మీద పలచగా పరచాలన్నదే సూత్రం. ప్రభుత్వానికి అది గిట్టుబాటు. 'ఆబియానా' అనే నీటి తీరువా పండిన పంట విస్తీర్ణాన్ని బట్టి, పంటను బట్టి విధించేవారు. చెరకుకు ఎక్కువ, పశుగ్రాసానికి తక్కువ. అందువల్ల ప్రతి ఋతువులోనూ రైతు ముందొక లెక్క ఉండేది. ఏ కిల్లాలు తడపాలి, ఏవి బీడు వదలాలి, గోధుమకు చివరి తడి దక్కేలా పత్తిని ఎంత తగ్గించాలి? అనావృష్టి భయం స్థానంలో నీటి లెక్క వచ్చింది. ఇదొక కొత్త రకపు రైతుతనం. రైతు వాన కోసం ఆకాశం వైపు చూడడం మానలేదు గాని, గడియారం వైపూ పట్వారీ పుస్తకం వైపూ చూడడం నేర్చుకున్నాడు.

పంటలు, మార్కెట్టు, అప్పు

రబీలో గోధుమ, ఖరీఫ్‌లో పత్తి ఈ కాలనీలకు రెండు కళ్లయ్యాయి. శనగ, తోరియా అనే నూనెగింజ, చెరకు, పశుగ్రాసం వాటి పక్కన నిలిచాయి. 1892లో నీరు వచ్చిన కొన్నేళ్లకు గాని రైలు రాలేదు. వచ్చాక గోజ్రా, టోబా టేక్ సింగ్ వంటి స్టేషన్ల పక్కన ధాన్యపు మండీలు వెలిశాయి. అక్కడ ఎక్కిన గోధుమ కరాచీ రేవులో దిగి ఇంగ్లండుకు పోయేది. మండీ ధర దూరదేశపు ధరతో ముడిపడింది. 1906లో లయల్‌పూర్‌లో వ్యవసాయ పరిశోధనకూ బోధనకూ సంస్థ ఏర్పడింది. అక్కడ ఎంపికచేసిన '4ఎఫ్' అనే అమెరికా జాతి పత్తి మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి వేగంగా వ్యాపించింది. అదే సంస్థ గోధుమలో 'పంజాబు 8ఎ' వంటి రకాలను అందించింది.

వలస రైతులలో అందరూ ఒక తరగతి వారు కారు. సామాన్య రైతుకు, అంటే 'ఆబాద్‌కార్'కు, సగం నుంచి రెండు మురబ్బాలు. మధ్య తరగతి 'సుఫేద్‌పోష్'కు నాలుగైదు. 'రయీస్' అనే సంపన్నుడికి ఆరు నుంచి ఇరవై దాకా. భూమిలో అత్యధిక భాగం మొదటి తరగతికే వెళ్లింది. కష్టపడి సేద్యం చేసేవారే కాలనీని నిలబెడతారన్నది అధికారుల నమ్మకం. ఆ నమ్మకం బాగానే ఫలించింది కూడా. పెద్ద కమతాలు పొందినవారిలో పలువురు కాలనీలో నివసించక, కౌలుదారులతో పండించుకొన్నారు. రెండు మురబ్బాలంటే 55 ఎకరాలు. ఒక కుటుంబం స్వయంగా దున్నుకోగలిగినదానికన్నా ఇది ఎక్కువే. అందుచేత సామాన్య రైతు కూడా కొంత భూమిని పాలికో కౌలుకో ఇచ్చాడు. ఇచ్చట పనిచేసినవారు భూమి దక్కని జాంగ్లీలు, స్వగ్రామాల నుంచి వెంటవచ్చిన సేవకవృత్తుల వారు. దళితులకూ వృత్తికులాలకూ భూమి ఇవ్వడం విధానంలో లేదు. 'వ్యవసాయ కులాలు' అన్న 1900 నాటి భూ అన్యాక్రాంత చట్టపు విభజన దీనిని మరింత బిగించింది. క్రైస్తవ మిషన్ల పూనికతో వెలసిన కొన్ని గ్రామాలు, సైన్యంలో చేసిన మజ్హబీ సిక్కులకు దక్కిన కొన్ని భూములు ఇందుకు మినహాయింపులు. పొలం పని చేసేవాడినే రైతు అనలేదన్నమాట. ఎవరు రైతో కులం ముందే తేల్చింది.

కలిమి వచ్చింది. ఇటుక ఇళ్లు, మేలుజాతి ఎడ్లు, ఇనుప నాగళ్లు వచ్చాయి. సహకార శాఖలో పనిచేసిన మాల్కం డార్లింగ్ 1925లో వెలువరించిన గ్రంథంలో చేసిన పరిశీలన ఇక్కడ పనికివస్తుంది: పంజాబు రైతు అప్పుకు పేదరికమొక్కటే కారణం కాదు, భూమి విలువ పెరిగినకొద్దీ అప్పు పుట్టే శక్తీ పెరిగింది, అప్పూ పెరిగింది. గ్రంథం పేరులోనే ఆయన కలిమినీ ఋణాన్నీ పక్కపక్కన నిలిపాడు.

షరతుల సేద్యం: 1907

కాలనీ భూమి మొదట రైతుకు యాజమాన్య హక్కుతో రాలేదు. అతడు ప్రభుత్వపు కౌలుదారు. చక్‌లోనే నివసించాలి, ఇల్లు నిర్ణయించిన చోటే కట్టాలి, చెట్లు నాటాలి, పరిశుభ్రత పాటించాలి. జీలం కాలనీలో షరతు ఇంకా విచిత్రం. దిగువ జీలం కాలువ 1901లో పారింది. సైన్యానికి గుర్రాలు కావలసివచ్చి, అక్కడ రెండు మురబ్బాలు పొందిన రైతు ఒక ఆడ గుర్రాన్ని పెంచి తీరాలన్నారు. ఆ భూమి పెద్దకొడుకుకు మాత్రమే సంక్రమించాలన్నారు. అందరు కొడుకులకూ సమానంగా పంచే పంజాబు ఆచారానికి ఇది నేరుగా విరుద్ధం. గోధుమ, పత్తి పండించడానికి తెచ్చిన నీరు గుర్రపు దాణాకు కూడా పారింది.

చీనాబ్ కాలనీలో షరతులు మీరిన వారిపై జరిమానాలు వేశారు. వాటి అమలు కింది ఉద్యోగుల చేతిలో పడడంతో లంచం దినచర్య అయింది. కోర్టులకు వెళ్లిన రైతులు కొన్నిసార్లు గెలిచారు. దానితో ప్రభుత్వం 1906లో కాలనీల బిల్లు తెచ్చింది. అది షరతులను వెనుకటి తేదీ నుంచి వర్తింపజేసింది; వారసత్వాన్ని పరిమితం చేసింది; జరిమానాలను చట్టబద్ధం చేసి, కోర్టుల జోక్యాన్ని తొలగించింది. అదే ఏడాది బారీ దోఆబ్ కాలువపై నీటి తీరువా పెంచారు. అప్పటికే 1905లో పురుగు తాకి పత్తి దెబ్బతిన్నది. ప్లేగు ఊళ్లను ఖాళీ చేస్తున్నది.

1907 మార్చిలో లయల్‌పూర్‌లో జరిగిన సభలో 'ఝంగ్ సియాల్' పత్రికా సంపాదకుడు బాంకే దయాళ్ చదివిన 'పగ్‌డీ సంభాల్ జట్టా' గీతం ఆ ఉద్యమానికే పేరయింది. తలపాగా జాగ్రత్త అని రైతును హెచ్చరించడమంటే మానం జాగ్రత్త అనడమే. భగత్‌సింగ్ పినతండ్రి అజిత్‌సింగ్ ఈ ఉద్యమానికి నాయకుడు. ఆయననూ లాలా లజపతిరాయ్‌నూ మాండలేకు ప్రవాసం పంపారు. కాని మే 26న వైస్రాయ్ మింటో బిల్లుకు ఆమోదం నిరాకరించాడు. కాలనీ రైతుల కుటుంబాలు పంజాబు సైనికులకు పుట్టిళ్లు. ఆ అసంతృప్తి పటాలంలోకి పాకుతుందన్న భయం ఆ నిర్ణయం వెనుక ఉంది. ఆ తరువాత నియమించిన కమిటీ సిఫారసుల మీద 1912లో వచ్చిన చట్టం రైతు భూమిని కొని యాజమాన్యం పొందే దారిని తెరిచింది. లొంగి ఉంటాడని ఏరికోరి తెచ్చిన రైతే ప్రభుత్వం చేత చట్టం మార్పించాడు. ఏర్పాటు చేసిన పెద్దలు ఊహించని ఫలితమిది.

పైకి వచ్చిన నీరు

1905–1917 మధ్య మూడు కాలువల పథకం నడిచింది. జీలం నీటిని చీనాబ్‌కూ, చీనాబ్ నీటిని బల్లోకి వద్ద రావిని దాటించి మాంట్‌గొమరీ జిల్లాకూ చేర్చారు. తరువాత సట్లెజ్ లోయ పథకం నీలీ బార్‌ను తడిపింది. ఇంజనీరింగ్ దృష్టిలో ఇవి గొప్ప కట్టడాలు. అయితే నీరు తెచ్చే కాలువల మీద పెట్టిన శ్రద్ధ, నీరు పోయే మురుగు కాలువల మీద పెట్టలేదు.

మట్టి కాలువల నుంచి ఏళ్ల తరబడి ఇంకిన నీరు, ఒకప్పుడు లోతున ఉన్న భూగర్భజల మట్టాన్ని పైకి లేపింది. పల్లపు పొలాలు జవుకుబారాయి. దానిని పంజాబీలో 'సేమ్' అంటారు. నీరు ఆవిరై ఉప్పు పైన పేరుకున్న నేల 'థూర్', మన చవుడు. 1925 నాటికే దీనిపై విచారణ సంఘాన్ని వేయవలసి వచ్చింది. ఇందులోని విడ్డూరం గమనించదగినది. పొలం మీద నీరు పలచగా పరచినందువల్ల ఉప్పు కిందికి కడుక్కుపోయేంత తడి అందలేదు. కాలువ ఊట వల్ల పొలం కింద నీరు ఎక్కువైంది. పైన కొరత, కింద మితిమీరిన తడి. వారబందీలో గంటలు లెక్కపెట్టుకున్న రైతుకు తన పొలం కింద చేరుతున్న నీటి లెక్క ఎవరూ చెప్పలేదు. ఆ మట్టాన్ని దించడానికి పాకిస్తాను ప్రభుత్వం 1960 ప్రాంతంలో రేచ్నా దోఆబ్‌లో వరుసగా గొట్టపు బావులు వేయించవలసి వచ్చింది.

1947: నీటి విలువకు కట్టిన లెక్క

దేశ విభజనలో కాలనీలు పాకిస్తానుకు వెళ్లాయి. యాభై ఏళ్ల క్రితం తూర్పు జిల్లాల నుంచి వచ్చిన సిక్కుల, హిందువుల మనుమలు బండ్ల బారులతో, కాలినడకన అదే తూర్పుకు మళ్లారు. వారు పశ్చిమాన విడిచినది సుమారు 67 లక్షల ఎకరాలు. అటు వెళ్లిన ముస్లిములు తూర్పు పంజాబులో విడిచినది సుమారు 47 లక్షల ఎకరాలు. అందులోనూ కాలువ నీరున్న భూమి తక్కువ.

పునరావాస డైరెక్టర్ జనరల్ తర్లోక్ సింగ్ ఆధ్వర్యంలో ఈ లెక్కను సరిపుచ్చడానికి 'ప్రామాణిక ఎకరం' అనే కొలతను కల్పించారు. 10 నుంచి 11 పంజాబు మణుగుల ధాన్యం పండగల భూమి ఒక ప్రామాణిక ఎకరం. ఆ మణుగు దాదాపు 37 కిలోలు. కాలువ కాలనీలో ఒక ఎకరం ఇంచుమించు ఒక ప్రామాణిక ఎకరమైంది. తూర్పు పంజాబులోని వానాధార జిల్లాలలో నాలుగు ఎకరాలు కలిస్తే గాని ఒక ప్రామాణిక ఎకరం కాలేదు. ఆపైన, విడిచివచ్చిన భూమి పెరిగినకొద్దీ కోత శాతం పెరిగేలా శ్రేణులు నిర్ణయించారు. శిబిరాలలో ఉన్న రైతులు తమ చక్ నంబరు, మురబ్బా నంబరు, కిల్లాల నంబర్లు చెప్పి హక్కు పత్రాలు కోరారు. బ్రిటిషు అధికారి తన సౌకర్యం కోసం గీసిన ఆ చతురస్రాలే, సరిహద్దు ఆవల ఉండిపోయిన పొలానికి వారి దగ్గర మిగిలిన ఆనవాలు.